ఖడ్గము పట్టనివారి ఋణము

యుద్ధకాలమున ఆయుధము పట్టనివాడు పిరికివాడని లోకులు తలంతురు. ఈ తలంపు ఎంతవరకు న్యాయమో మన విద్యార్థులు విచారింపవలసియున్నది.

మన ఇబ్రహీంపట్నమువలెనే రంగారెడ్డి జిల్లాకు చెందిన శంషాబాదులో మెన్నొనైటు బ్రదరెను క్రైస్తవులు కలరు. ఆ సంఘపు పూర్వులు క్రీస్తుబోధనుబట్టి ఆయుధధారణమును నిరాకరించిరి. ఇంగ్లండులో 17వ శతాబ్దమున పుట్టిన క్వేకరుల సంఘమువారును ఈ విశ్వాసమునే చేపట్టిరి.

ఆ దేశమున జోర్డాన్సు అను చిన్న పల్లెలో 1688లో కట్టబడిన క్వేకరు ప్రార్థనామందిరము కలదు. 1914 ఆగస్టులో మహాయుద్ధము ప్రారంభము కాగా, మరుసటి నెలలోనే కొందరు యువకులు ఆ పల్లెలో విడిదిచేసి, క్షతగాత్రులను మోయుటయు గాయములకు కట్లు కట్టుటయు అభ్యసించిరి. అక్టోబరు 31వ తేదీన వారిలో 43 మంది ఫ్రాన్సునకు ఓడనెక్కిరి. త్రోవలో హెర్మెస్ అను యుద్ధనౌక శత్రువుల దెబ్బతిని మునుగుచుండగా, ఆ నావికులను రక్షించుటయే వారి ప్రథమసేవ యయ్యెను. పిమ్మట డంకర్కు రైలుషెడ్లలో గడ్డిపై పడియున్న క్షతగాత్రులకు వారు పరిచర్య చేసిరి.

1916లో నిర్బంధ సైనికసేవా శాసనము వచ్చెను. క్వేకరులందరును ఏకాభిప్రాయులు కారైరి. అనేకులు సైన్యమున చేరిరి. మరికొందరు, గాయములు కట్టుటయు యుద్ధమునకు తోడ్పాటేయని యెంచి చెరసాలకు పోయిరి. ఒక్క సంఘమున, ఒక్కొక్క కుటుంబమున సయితము, ఇట్టి భేదములు కలిగినవి.

"ఇతరుల ఖడ్గము కాపాడుచుండగా వీరు శాంతి వచనములు పలికిరి" అని కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. పొరుగింటి కుమారుడు రణరంగమున ప్రాణము లిచ్చుచుండ, తాను పొలము దున్నుకొనుచు కూర్చుండువాడు శాంతిదూత కానేరడు. ఆయుధము వలదన్నవానికి ఒక ఋణము కలదు. దానిని సేవచేతనే తీర్పవలెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున క్వేకరుల అంబులెన్సు దళమువారు, హోరేసు అలెగ్జాండరు నాయకత్వమున, 1942లో కలకత్తాకు వచ్చిరి. ఆ యేట మిద్నపూరు తుపానులోను, 1943 నాటి బెంగాలు కరవులోను బాధితులకు సాయపడిరి. ఆ ఋణము తీర్చు విధమిదియే. 1947లో క్వేకరుల రెండు సేవాసంస్థలకు నోబెలు శాంతి బహుమానము లభించెను.

విద్యార్థులారా! ఆటస్థలమున ఇద్దరు కలహించునప్పుడు దూరముగా నిలిచి, "నేను కొట్టలేదు" అనుట చాలదు. క్రిందపడినవాడు మన పక్షమువాడైనను ఎదుటి పక్షమువాడైనను వానిని లేవనెత్తవలెను. అట్లు చేయువానిని పిరికివాడని యెవ్వరును అనజాలరు.