గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ

కొత్త కోడలు గడపలో అడుగుపెట్టిన నెలలోనే ఇంటి ఆవు చూలు కట్టిందనుకోండి, అది కోడలి చలవ. అదే నెలలో వాన తప్పి పైరు ఎండిందనుకోండి, అదీ కోడలి పాదమహిమే. "గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ" అనే మన సామెత వెనుక ఉన్న లెక్క ఇదే. బావి ఎంత లోతు తవ్వారు, విత్తనం ఎవరు కొన్నారు, ఇంటి మీద అప్పు ఎవరు తెచ్చారు అన్న ప్రశ్నలకు ఈ లెక్కలో చోటు లేదు. ఇది మన పల్లెలకే పరిమితమైన మూఢనమ్మకమని ఎవరైనా భావిస్తే, ఇంగ్లండులో ఫుట్‌బాల్ అభిమానులు కొత్త మేనేజరుకు ఎదుర్కోలు పలికే తీరును ఒక్కసారి గమనించవలసిందిగా మనవి.

అక్కడ మేనేజరంటే కార్యాలయంలో కూర్చుని జమాఖర్చులు చూసే మనిషి కాదు. జట్టుకు ప్రధాన శిక్షకుడు. ఎవరు ఆడాలి, ఎలా ఆడాలి అన్నవి నిర్ణయించేది అతనే. పూర్వం ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి అన్న విషయాల్లోనూ చాలావరకు అతని మాటే చెల్లేది. ఆ అధికారంలో చాలా భాగం ఇప్పుడు యాజమాన్యం చేతుల్లోకి పోయింది. నింద మాత్రం పూర్తిగా అతని వాటాకే మిగిలింది.

మాంచెస్టర్ యునైటెడ్ ఉదంతాన్నే తీసుకుందాం. ఇరవయ్యారేళ్ళకు పైగా ఆ జట్టును నడిపిన అలెక్స్ ఫెర్గూసన్, 2013 మే నెలలో పదమూడో ప్రీమియర్ లీగు టైటిలు గెలిచి విరమించాడు. ఎవర్టన్ జట్టును 11 ఏళ్ళు నడిపిన డేవిడ్ మోయెస్ ఆరేళ్ళ ఒప్పందం మీద అతని స్థానంలోకి వచ్చాడు. ఎంపికైన పురుషుడు ఇతడేనంటూ మైదానంలో అతని బొమ్మతో పెద్ద బ్యానరు వెలసింది. అవతారపురుషుడికి తక్కువ మర్యాద కాదది! 2014 మార్చి నెలాఖరున అదే మైదానం మీదుగా ఒక చిన్న విమానం ఎగిరింది. దాని తోకకు కట్టిన బ్యానరు, వీడు తప్పుడు ఎంపిక, సాగనంపండి అని ఘోషించింది. ఆనాడు మైదానంలో కూర్చున్నవారిలో చాలామంది ఆ విమానాన్నే గేలి చేశారన్నది కూడా చెప్పాలి. ఏమైతేనేం, ఏప్రిల్ 22న క్లబ్బు మోయెస్‌ను తొలగించింది. ఆరేళ్ళ కాపురం పది నెలలైనా నిండలేదు.

"ఛాంపియన్ జట్టును అప్పగిస్తే ఏడో స్థానానికి దించాడు. అదే జట్టు కదా, తప్పు ఇంకెవరిది?" అని అడిగేవారున్నారు. అదే జట్టు నిజమే, కానీ ఒక ఏడాది ముదిరిన జట్టు. పాల్ స్కోల్స్ అప్పటికే ఆట మానేశాడు. 2013 నవంబరులో రయన్ గిగ్స్‌కు నలభై, రియో ఫెర్డినాండ్‌కు ముప్ఫయ్యయిదు నిండాయి. ఎవ్రా, విడిచ్, కారిక్ అందరూ ముప్ఫై దాటినవారే. క్రయవిక్రయాలు చూసే ప్రధాన నిర్వహణాధికారి డేవిడ్ గిల్ కూడా ఫెర్గూసన్‌తో పాటే తప్పుకున్నాడు. ఆ వేసవిలో చెప్పుకోదగ్గ కొనుగోలు ఫెలైనీ ఒక్కడే, అదీ గడువు ముగిసే రోజున. మోయెస్ పొరపాట్లు చేయలేదని నా వాదం కాదు. ఫెర్గూసన్ దగ్గర పనిచేసిన శిక్షకులను వదులుకోవడం చిన్న పొరపాటేమీ కాదు. అయితే ఒక మనిషి పొరపాట్లను లెక్కించడం వేరు, ఇంటి దోషాలన్నీ మూటగట్టి అతని నెత్తిన పెట్టడం వేరు.

ఇక ఫెర్గూసన్ కథ. అభిమానులు దీన్ని పురాణంలా పారాయణం చేస్తారు గాని, అందులో తమ పాత్రను మాత్రం దాటవేస్తారు. అతడు వచ్చింది 1986 నవంబరులో. మొదటి కప్పు చేతికందింది 1990 మే నెలలో. మధ్యలో, 1989 డిసెంబరులో, మూడేళ్ళుగా వింటున్న సాకులు చాలునని, ఇక సెలవని ఒక బ్యానరు లేచింది. లీగు టైటిలు రావడానికి 1993 దాకా ఆగవలసివచ్చింది. అప్పటికి ఆ క్లబ్బు దాన్ని గెలిచి ఇరవయ్యారేళ్ళు గడిచాయి.

ఓపిక పడితే ప్రతివాడూ ఫెర్గూసన్ అవుతాడని దీనికి అర్థమా? కానే కాదు. అలా చెప్పేవారు కూడా వేళావిశేషాన్ని నమ్మేవారే, కాకపోతే గడువు కాస్త పొడిగిస్తారు. కళ్ళు మూసుకుని పట్టే ఓపిక, కళ్ళు మూసుకుని చూపే కోపం కంటే ఏమంత గొప్పది కాదు. కప్పులు లేని ఆ సంవత్సరాల్లో ఫెర్గూసన్ ఏం చేస్తున్నాడన్నది అసలు ప్రశ్న. ఊరూరా పిల్లలను వెదికించే ఏర్పాటును బలపరిచాడు. గిగ్స్ పద్నాలుగేళ్ళ వయసులో క్లబ్బులో చేరింది అప్పుడే. బెకమ్, బట్, గారీ నెవిల్ ఉన్న కుర్రజట్టు 1992లో యువజన కప్పు గెలిచింది. నాటిన మొక్క కనిపిస్తూనే ఉంది. పండు కోసమే చెట్టెక్కి చూసేవారికి కింద మొలిచిన మొక్క కనబడదు.

"పాతవాణ్ణి తీసేయగానే గెలుపులు మొదలవుతాయి కదా" అన్నది మరో వాదం. మేనేజరును తీసేది జట్టు అడుగంటినప్పుడు. గోతి అడుగున ఉన్నవాడు ఎటు కదిలినా పైకే కదులుతాడు. మొరీన్యోను 2018 డిసెంబరులో తొలగించాక తాత్కాలికంగా వచ్చిన సోల్‌షేర్ మొదటి ఎనిమిది ఆటలూ గెలిచాడు. అభిమానులకు పూనకం వచ్చింది. 2019 మార్చిలో పదవి శాశ్వతం చేశారు. ఆ సీజను చివరి ఐదు లీగు ఆటల్లో జట్టు ఒక్కటీ గెలవలేదు. పాదమహిమ మూడు నెలల్లోనే ఆవిరైంది.

ఇందువల్ల లాభపడేదెవరు? యజమానులు. 2005లో గ్లేజర్ కుటుంబం ఈ క్లబ్బును కొన్నప్పుడు, ఆ కొనుగోలుకు తెచ్చిన అప్పులో పెద్దభాగాన్ని క్లబ్బు మీదికే నెట్టింది. జనం ఆగ్రహమంతా మైదానం అంచున నిలబడ్డ ఒక్క మనిషి మీద కురుస్తున్నంతకాలం ఆ అప్పుకు గొడుగు అవసరం లేదు. ఒక తొలగింపుతో ఒక ఏడాది ప్రశాంతత. వాన్ గాల్ 2016లో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన రెండో రోజునే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. టెన్ హాగ్ అదే కప్పును 2024 మేలో గెలిచి అక్టోబరులో ఇంటికి వెళ్ళాడు. నవంబరులో అమోరిమ్ వచ్చాడు. ఆ సీజను జట్టు 15వ స్థానంలో ముగించింది. హారతులు ఎన్ని మారినా 2013 తరువాత 2025 దాకా ఒక్క లీగు టైటిలూ రాలేదు. తప్పుడు మనిషిగా ముద్రపడిన మోయెస్ మాత్రం 2023లో వెస్ట్‌హామ్‌కు యూరోపియన్ కప్పొకటి గెలిచి పెట్టాడు.

టికెట్టు కొన్న అభిమానికి ఆశించే హక్కు ఉంది. ఆ హక్కును ఎవరూ కాదనలేరు. అయితే కొత్త మేనేజరును అడగవలసింది మహిమ కాదు, పని. ఏ కుర్రాళ్ళను పెంచుతున్నావు, ఎలాంటి ఆట నేర్పుతున్నావు, ఓడినప్పుడు ఏం సరిదిద్దావు అని అడగాలి. అంతకన్నా గట్టిగా యజమానిని అడగాలి. 2005లో కొందరు యునైటెడ్ అభిమానులు అదే చేశారు. కొత్త యాజమాన్యంతో విసిగి, తామే సభ్యులుగా, సభ్యుడికొక ఓటు చొప్పున, ఎఫ్.సి. యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అనే క్లబ్బును పెట్టుకున్నారు. అది దిగువ అంచెల్లో ఆడే చిన్న క్లబ్బే కావచ్చు. వాళ్ళు మాత్రం కోడలి పాదాలు చూడటం మాని, ఇంటి పత్రాలు ఎవరి దగ్గర తాకట్టులో ఉన్నాయో చూశారు. నా దృష్టిలో అభిమానమంటే అది.