ఎవరికి ఎన్ని నీళ్లు?

ఉద్దానం ప్రాంతంలో నందిగాం నుంచి కవిటి దాకా కిడ్నీ జబ్బు మాట వినని ఇల్లు లేదు. అందుకే ఈ సంచికను ఒంట్లోని నీటికి కేటాయించాం.

రక్తంలో ఉప్పు, గ్లూకోజు, యూరియా ఎంత చిక్కగా కరిగి ఉన్నాయో చెప్పే కొలత ఆస్మొలాలిటీ. ఆరోగ్యవంతుల్లో ఇది కిలో నీటికి సుమారు 275 నుంచి 295 మిల్లీఆస్మోల్స్. జీడితోటలో చెమటోడ్చే మనిషిలో అది కాస్త పెరగగానే మెదడులోని హైపోథాలమస్ పసిగడుతుంది. దాహం వేస్తుంది. వాసోప్రెసిన్ హార్మోను విడుదలై, మూత్రంలో పోవలసిన నీటిని కిడ్నీలు వెనక్కి లాక్కుంటాయి. అవి రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి, ఒకటి రెండు లీటర్లే బయటికి పంపుతాయి. ఎంత అద్భుతమైన పని!

ఉద్దానం జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. తాగునీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో పని మీద అనుమానాలున్నాయి. మధ్య అమెరికా చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనబడటంతో, పదేపదే ఒంట్లో నీరు తగ్గడంపై పరిశోధకుల దృష్టి పడింది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరికొచ్చింది, అవగాహన కూడా రావాలి. ‘నీళ్లు బాగా తాగండి’ అన్న సలహా అందరికీ సరిపోదు. తోటలో కూలికి అది రక్ష. డయాలసిస్ మీదున్న అతని అన్నకు అదే ఊపిరాడని స్థితి తేవచ్చు. వ్యాసాలన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి. సందేహాలుంటే రాయండి, వచ్చే సంచికలో వైద్యుల చేత జవాబులు చెప్పిస్తాం.