బటన్ నొక్కి చేతులు దులుపుకుంటే చాలదు

‘బటన్ నొక్కగానే ప్రభుత్వ పథకాల డబ్బు నేరుగా ఖాతాలో పడుతోంది. పడలేదంటే కాగితాలు సరిగ్గా పెట్టుకోనివాళ్లదే తప్పు.’ ఈ మాట ఆఫీసుల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ వినబడుతోంది. ఇది పచ్చి అన్యాయం. అనేవాళ్లు ఒక్కసారి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చూడాలి.

తెల్లవారుజామునే జెట్టీ మీద చేపలు పాడుకుని తట్ట నెత్తికెత్తుకునే ఆడవాళ్ల వేళ్లు ఐసుకీ ఉప్పుకీ అరిగిపోయి ఉంటాయి. పిల్లల చదువు సాయం కోసం వార్డు సచివాలయానికి వెళ్తే ఈకేవైసీ మిషన్ మీద ఆ వేలిముద్ర పడదు. రేపు రమ్మంటారు. రేపు వెళ్తే ఆ పూట బేరం పోయినట్టే. ముద్ర పడినా, మూడు కాపురాలకు మీటరు ఒక్కటే అయితే నెలకు 300 యూనిట్లు దాటిందని అనర్హుల జాబితాలోకి నెడతారు. ఆధార్ ఎప్పుడో వేరే బ్యాంకుకు లింకైతే డబ్బు అటు పోతుంది. ఎటు పోయిందో చెప్పే నాథుడుండడు. ఇందులో ఆ తల్లి చేసిన తప్పేమిటి?

పైగా డబ్బు వచ్చే దారులు మార్చింది ప్రభుత్వాలే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదట్లో కాలేజీకే వెళ్లేది. 2021 నుంచి విద్యాదీవెన పథకం కింద తల్లి ఖాతాలో వేశారు. తర్వాత తల్లీబిడ్డల పేర ఉమ్మడి ఖాతా తెరవమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీకే అన్నారు. చదువు అయ్యాక ఇచ్చే నిరుద్యోగ భృతి సంగతీ అంతే. యువనేస్తం 2018 అక్టోబరు 2న 1,000 రూపాయలతో మొదలైంది, ఎన్నికల ముందు 2,000 అయింది, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో 3,000 ఇస్తామన్నారు.

దొంగ లబ్ధిదారులను ఏరివేయొద్దా అని అడుగుతారు. ఏరాల్సిందే. కానీ దొంగకు అడ్డదారులు తెలుసు. కారణం చెప్పకుండా పేరు కొట్టేస్తే నలిగేది ఏ దారీ తెలియనివాళ్లే.

ప్రభుత్వానికి చేతకాదని కూడా అనలేం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, తేదీ అందరికీ తెలుసు. ఆ రోజుల్లో భృతి కోసం మత్స్యశాఖ సిబ్బంది జెట్టీకే వచ్చి బోటు బోటుకీ సరంగు, కళాసీల పేర్లు రాసుకుంటారు. వేటకెళ్లే తండ్రి కోసం బోటు దాకా రాగలిగిన ప్రభుత్వం బిడ్డ ఫీజుకు తల్లిని ఎందుకు తిప్పుతోంది?

వేట ఆపడానికి తేదీ ఉన్నట్టే ఫీజు చెల్లించడానికీ తేదీ ఉండాలి. ఇవ్వకపోతే ఎందుకో కాగితం మీద రాసి, అధికారి సంతకంతో చేతికివ్వాలి. సర్కారు బాకీ పడిన ఫీజుకు పిల్లల సర్టిఫికెట్లు ఆపే కాలేజీల మీద కలెక్టరు వెంటనే చర్య తీసుకోవాలి.