డోలా ఎటునుంచి పోవాలి?

మన మొహల్లాల్లో ఇల్లు కొన్న మనిషి మొదట ఖురాన్‌ఖానీ పెట్టి దావత్ ఇస్తాడు. ఆ తర్వాత గోడ మొదలుపెడతాడు. "పక్క సందు నా రిజిస్ట్రేషన్‌లోనే ఉంది, వెనకింటోళ్లు ఇన్నాళ్లూ ముఫ్త్‌గా నడిచారు, ఇక బస్" అంటూ ఇటుకలు దింపిస్తాడు. ఈ మాట చాలాసార్లు కానూన్‌లో నిలవదు, షరీఅత్‌లోనూ నిలవదు. అయినా మసీదులో మొదటి సఫ్‌లో నిలబడేవాళ్ల నోట కూడా వింటున్నాం.

ఈ సందులు ఎక్కణ్ణుంచి వచ్చాయి భాయ్? విరాసత్ పంచుకున్నప్పుడు ముందు వాటా ఒకరికి, వెనక వాటా ఇంకొకరికి పోయింది. వెనక వాటా చాలాచోట్ల చెల్లెలికో, బేవా అయిన వదినకో పడింది. వాళ్లు రోడ్డెక్కాలంటే ఆ మూడడుగుల సందే దిక్కు. పంచుకున్నవాళ్లు బతికున్నంతకాలం ఎవరూ కాగితం అడగరు. ముందు వాటా అమ్ముడుపోయిన రోజే తగాదా పుడుతుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచే మన ఆంధ్ర ప్రాంతంలో 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఉంది. పంపకంలో వచ్చిన వాటాకు వేరే దారి లేకపోతే, ఎవరూ రాసివ్వకపోయినా 13వ సెక్షన్ దారి హక్కు ఇస్తుంది. ఎవరి ఇజాజత్ మీదా ఆధారపడకుండా, బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా 20 ఏళ్లు నడిస్తే 15వ సెక్షన్ కింద ఆ నడకే హక్కవుతుంది. ఇల్లు చేతులు మారినంత మాత్రాన ఆ హక్కు పోదు. "ఈసీలో ఏమీ లేదు కదా" అంటారు. ఈసీలో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలు. నడిచి నడిచి సంపాదించిన హక్కు అందులో ఎక్కదు.

ఇక దీన్ సంగతి. ఫిఖ్హ్‌లో దీనికి హక్కె మురూర్ అని పేరే ఉంది. హనఫీలు షుఫా హక్కుకు పెట్టిన వరుస చూడండి: మొదట ఆస్తిలో షరీక్, తర్వాత దారిలో, నీళ్లలో భాగమున్నవాడు, ఆ తర్వాతే గోడ పక్క హమ్‌సాయా. అంటే గోడ పంచుకునేవాడికంటే దారి పంచుకునేవాడు మనకు దగ్గర. మద్రాసు కోర్టులు షుఫాను ఒప్పుకోలేదు, నిజమే. ఆ వరుస నేర్పే అదబ్‌ను ఏ కోర్టు కొట్టేసింది? దారి వెడల్పు మీద తగాదా వస్తే ఏడు మూరలు వదలాలని రసూలుల్లాహ్ (స) ఇచ్చిన తీర్పు సహీహ్ బుఖారీలో ఉంది. జానెడు నేల జుల్మ్‌తో లాక్కున్నవాడి మెడకు ఏడు భూముల తౌఖ్ పడుతుందన్న హెచ్చరిక బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మనం కబ్జా చేసేది జానెడు కాదు, మూడడుగులు!

అమ్మేవాళ్లూ, బ్రోకర్లూ తక్కువ తినలేదు. దారి సంగతి దాచి ధర పెంచుతారు. సొత్తులో ఐబ్ చెప్పకుండా అమ్మితే ఆ కమాయీ హలాల్ ఎలా అవుతుంది?

వెనకింటివాళ్లకూ ఒక మాట. నడక హక్కు నడకకే. సందులో బండ్లు నిలిపి, సామాను పేర్చి, సందంతా మాదే అంటే చెల్లదు. ముందింటివాళ్ల మెహర్బానీతో నడిచిన దారి ఎన్నేళ్లయినా హక్కు కాదు. వేరే దిక్కులేక వచ్చిన దారి హక్కు, ఇంకో రోడ్డు దొరికి అవసరం తీరితే పోతుంది.

కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందే కళ్లు తెరవండి. ఫజర్ తర్వాత ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి వెళ్లి సందులో ఎవరు నడుస్తున్నారో చూడండి. వెనకింటి తలుపు తట్టి సలాం చెప్పి అడగండి. పాత పారిఖత్తు తెప్పించుకోండి. చెక్కుబందీలో "రస్తా", "సందు" అన్న మాటలు ఎక్కడున్నాయో వకీలుతో చదివించండి. దారి ఉంటే దానికి తగ్గట్టు ధర మాట్లాడుకోండి, దస్తావేజులో వెడల్పు ఎన్ని అడుగులో రాయించండి. ఇష్టం లేకపోతే ఆ ఇల్లు వదిలేయండి. అంతేగానీ సస్తాలో కొని, తర్వాత గోడ కట్టి, ఆ గోడకు మాషా అల్లాహ్ అని టైల్ అంటించొద్దు.

రేపు వెనకింట్లో మౌత్ అవుతుంది. అందరికీ అయ్యేదే. జనాజా నమాజ్‌కు మీరూ వెళ్తారు, భుజం కూడా పడతారు. డోలా ఆ ఇంట్లోంచి ఎటునుంచి బయటికి రావాలో, గోడ కట్టే ముందు మీరే చెప్పండి.