మన బడికీ ఒక దయ్యాల పండుగ

బదిలీల మీద ఊళ్ళు తిరిగే మనకు చాలాచోట్ల చెడును తరిమే పండుగ ఒకటి కనిపిస్తుంది. తెలుగు ఇళ్ళలో భోగినాడు దిష్టి పోవాలని పిల్లల తలమీద రేగుపళ్ళు పోస్తారు. లేహ్‌లో దోస్మోచే పండుగకు లామాలు మాస్కులు ధరించి నాట్యం చేస్తారు. కాఠ్మాండూ లోయలో గఠేమంగల్ నాడు నేవారులు కూడలిలో రెల్లు రాక్షసుణ్ణి నిలబెట్టి, సాయంత్రం ఈడ్చుకెళ్ళి నదిలో పడేస్తారు.

మన తరగతుల్లోనూ ఒక దయ్యం ఉంది. కొత్తగా చేరినవారి యాసకు నవ్వి, వారిని చివరి బెంచీకి తోసేది అదే. దాన్ని తరమడానికి బడి తెరిచిన వారంలో మనమే ఒక పండుగ కల్పించుకోవాలి. వెక్కిరింపు మాటలన్నీ కాగితాల మీద రాసి, అట్టదయ్యానికి అంటించి, చింపి పారేద్దాం. కొత్తవారిని పేరు పెట్టి పిలిచి, మధ్యాహ్నం వారి పక్కనే కూర్చుని తిందాం. వచ్చే ఏడు ఏ ఊళ్ళో మనమే కొత్తవాళ్ళమో!