సగటు వానతో పంట పండదు



పంట ఎండిందని దరఖాస్తు పట్టుకుపోతే వచ్చే జవాబు ఒక్కటే: "ఈసారి వర్షపాతం సాధారణమే కదా!" ఈ "సాధారణం" అనే మాటే మన పాలిట శాపమైంది.

2023 వానాకాలం గుర్తుచేసుకుందాం. జూలై 27 ఉదయానికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్ల నీళ్లు. అంటే ఒక్క రోజులో ఎకరానికి 26 లక్షల లీటర్లు! అంత నీటిని ఏ నేల తాగగలదు? ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి దేశం చూసిన ఆగస్టులన్నిటిలోకీ వాన తక్కువ పడిన నెల. పత్తి గూడ కట్టే వేళ, మక్క కంకి పట్టే వేళ మబ్బు మొహం చాటేసింది. సీజన్ చివర లెక్క కూడితే మాత్రం తెలంగాణ లోటు రాష్ట్రం కాలేదు. సగటుకు 19 శాతం తక్కువైనా, 19 శాతం ఎక్కువైనా వాతావరణ శాఖ లెక్కలో "సాధారణమే" మరి. ముంచిన వాననూ ఎండబెట్టిన కరువునూ కలిపి సగటు తీస్తే కాగితం మీద మంచి కాలమే కనిపిస్తుంది.

ఇది విధి ఆడిన ఆట కాదు. సముద్రం, చెరువు, చేను నుంచి నీరు ఆవిరై గాలిలో చేరుతుంది, చల్లబడి వానగా దిగుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే కురిస్తే కుండపోత. కురవని రోజుల్లో అదే వేడి గాలి నేలలోని తడిని వేగంగా పీల్చేస్తుంది. వరదనూ కరువునూ పెంచుతున్నది ఒకే వేడి. ఆ వేడిని పెంచింది బొగ్గు, పెట్రోలు మండించిన పొగ. శిక్ష మాత్రం చెలక రైతుకు!

పాలకుల నిబంధనలు మారిన వానను చూడవు. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ వాన విరామాన్ని గుర్తిస్తుంది. కానీ అది ఒక్కటే చాలదట. సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాలు, నేలలో తడి, జలాశయాల నీరు కూడా చూడాలట. జూలైలో విత్తనం వేశాం కాబట్టి సాగు బాగున్నట్టే, వరదకు చెరువు నిండింది కాబట్టి నీళ్లు ఉన్నట్టే! బావీ కాలువా లేని మెట్ట చేనుకు ఆ చెరువు నీళ్లు ఎట్లా ఎక్కుతాయి?

"పంట మార్చుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మార్చుకుంటాం. ఆ పంటకు మద్దతు ధరకు కొనే పూచీ ఎవరిది?

మన డిమాండ్లు మూడు. సీజన్ సగటుతో కాదు, ఊరి వారీగా వాన లేని రోజులతో నష్టం లెక్కగట్టాలి. పూత, కాయ దశల్లో వాన విరామంతో పంట పోతే కరువు ప్రకటన కోసం ఆగకుండా పరిహారం ఇవ్వాలి. కుండపోత నీటిని నిలిపేందుకు చెరువుల పూడిక తీసి, కాలువల మీది ఆక్రమణలు తొలగించాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి యూనిట్‌లో ఒక నోటుబుక్కు పెట్టి, వాన పడిన రోజూ పడని రోజూ తేదీతో రాయండి. ఆఫీసులో వాళ్లు సగటు చూపిస్తే, మనం మన ఊరి లెక్క చూపిద్దాం.