సైకిలిచ్చారు... దారేది?

పొద్దున్నే ఆరు గంటలకు జూజువాడి దగ్గర హైవే పక్కన ఓ పావుగంట నిలబడి చూడండి. తమిళనాడు ఎక్కడ అయిపోతుందో, కర్ణాటక ఎక్కడ మొదలవుతుందో లారీ డ్రైవర్లకు పట్టింపు. సైకిల్ మీద పోయేవాళ్లకు ఆ లెక్కే లేదు. ఇటు హోసూరు సిప్కాట్‌లో షిఫ్టుకు వచ్చేవాళ్లు, అటు అత్తిబెలె దిక్కు పనికి పోయేవాళ్లు. వెనక క్యారియర్‌కు టిఫిన్ డబ్బా కట్టుకుని, తెల్లగీతకు బయట, ఇసుక మేటల్లో చక్రం జారుతుంటే తొక్కుకుంటూ పోతుంటారు.

వాళ్లలో ఓ పెద్దాయన కంపెనీ వాచ్‌మన్. టీకొట్టు దగ్గర ఆగితే మాట కలిపాను. ‘‘ఇరవై ఏండ్ల నుంచి తొక్కతా ఉండా సామీ. అప్పుడు ఎదురుగాలికి బయపడేది. ఇప్పుడు లారీకి. ఎనక్కి చూస్తే ముందర గుంత, ముందర చూస్తే ఎనక లారీ. యాడ చూడాల చెప్పు?’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పాల్సినవాళ్లు కార్లలో పోతారు.

సైకిళ్లకు మన ప్రభుత్వాలేమీ తక్కువ చేయలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. తమిళనాడులో 2001-02లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థినులతో మొదలైన ఉచిత సైకిళ్ల పథకం తర్వాత ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ప్లస్ వన్ పిల్లలందరికీ విస్తరించింది. కర్ణాటకలో 2006-07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చారు. కోవిడ్ వచ్చాక ఆపేశారు. బీహార్ 2006లో ఆడపిల్లలకు సైకిళ్లిస్తే హైస్కూల్లో చేరేవారి సంఖ్య బాగా పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూపించారు. అంతకు ముందే, 1990ల మొదట్లో, పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది మంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకుని దేశమంతా తమవైపు చూసేట్టు చేశారు. అంటే సైకిల్ విలువ తెలియని రాష్ట్రాలు కావివి.

మరి లోపమెక్కడ? పిల్ల బడికి పోయేంతవరకూ ఊరి రోడ్డు. ప్లస్ టూ అయిపోయి సిప్కాట్‌లో పని దొరికిందంటే హైవే దాటాలి. అక్కడితో సైకిల్ సంగతి సరి. అది నాయనకు పోతుంది, లేదంటే పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోతుంది. పిల్ల షేర్ ఆటోకు డబ్బులు పెట్టుకుంటుంది. రెండేళ్లు పోయాక వాయిదాల మీద స్కూటీ. మోపెడ్లు, బైకులు, లారీలు తయారయ్యే ఊరు మనది కాబట్టి ఇదంతా సహజమే అనిపిస్తుంది!

కాగితాల మీద విధానాలకు కొదవ లేదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది, రోడ్డు మీద చూడాల్సింది వాహనాలను కాదు, మనుషులనని. 2020లో కేంద్రం నగరాలకు సైకిల్ పోటీ పెట్టింది. ఎంపికైన 11 నగరాల్లో బెంగళూరు ఉంది, మన వరంగల్లు కూడా ఉంది. అదే ఏడాది బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో సిల్క్ బోర్డు వైపు నుంచి హెబ్బాళ దిక్కు సైకిల్ బాట అన్నారు. గీతలు గీశారు, ప్లాస్టిక్ గుంజలు పాతారు. బైకులు దూరాయి, కార్లు నిలబెట్టారు, గుంజలు విరిగాయి, పైన మెట్రో పనులు వచ్చి పడ్డాయి. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ బాటను సోలార్ పలకల నీడతో ప్రారంభించారు. చూడముచ్చటగా ఉంది, కాదనను. కానీ వ్యాయామానికి తొక్కేవాళ్ల బాట వేరు, అన్నానికి తొక్కేవాళ్ల బాట వేరు. రెండోది ఎవరికీ గుర్తు రాదు.

ఇంకో తిరకాసుంది. ఈ పథకాలన్నీ నగరం హద్దు దగ్గరికొచ్చి ఆగిపోతాయి. మన బతుకు అలా ఆగదే! పిల్లనిచ్చింది ఆనేకల్లులో, సంత బాగలూరులో, పని సిప్కాట్‌లో. డెన్మార్కులో ఇదే చిక్కు వచ్చింది. కోపెన్‌హాగన్ లోపల బాటలు బాగానే ఉండేవి గానీ ఊరి హద్దు దాటితే తీరు మారిపోయేది. చుట్టుపక్కల పురపాలక సంఘాలన్నీ ఒకచోట కూర్చుని, పనికి పోయేవాళ్ల కోసం ఊళ్లను కలుపుతూ బాటలు వేసుకున్నాయి. మొదటిది 2012లో ఆల్బర్ట్స్‌లుండ్ దాకా వచ్చింది. వాళ్లకు డబ్బుంది, నిజమే. కానీ ముందు కూర్చున్నారు కదా, దానికి డబ్బేం కావాలి?

హోసూరు నుంచి అత్తిబెలె, చందాపుర మీదుగా బొమ్మసంద్ర దాకా అలాంటి బాట ఒకటి ఎందుకు వేయకూడదు? 2025 ఆగస్టు నుంచి బొమ్మసంద్రకు మెట్రో వస్తోంది. స్టేషన్లో సైకిల్ పెట్టుకోవడానికి భద్రమైన చోటుంటే సగం బెంగళూరు అందుబాటులోకి వచ్చినట్టే. హైవే సర్వీస్ రోడ్డు ఉన్నచోట దాని పక్కన, లేనిచోట కొత్తగా. అయితే రంగు గీత వద్దు, దాని గతి ఔటర్ రింగ్ రోడ్డులో చూశాం. బైకు ఎక్కలేనంత ఎత్తు గట్టు కావాలి, రాత్రి షిఫ్టుకు దీపాలు కావాలి, కూడళ్లలో దాటే దారి కావాలి. తర్వాత బాగలూరు, తళి, డెంకణికోట రోడ్లను దానికి కలపొచ్చు.

‘ఈ కాలంలో సైకిలెవరు తొక్కుతారండీ’ అని ఓ అధికారి నాతో నవ్వుతూ అన్నారు. 2011 జనగణన ప్రకారం సేద్యం, ఇంటి పరిశ్రమలు కాని పనులు చేసేవాళ్లలో సుమారు 13 శాతం సైకిల్ మీదే పోతున్నారు. దేశమంతా కలిపి రెండున్నర కోట్ల పైమాటే. 2021లో జరగాల్సిన జనగణన అప్పుడు జరగలేదు కాబట్టి ఆ తర్వాత ఎంత తగ్గిందో, ఎక్కడ తగ్గలేదో తేల్చే లెక్క రాలేదు. తగ్గి ఉండొచ్చు. వంతెన లేని ఏటిని ఈదేవాళ్లు కొద్దిమందే ఉంటారు, అందుకని వంతెన అక్కర్లేదందామా?

అసలు కష్టం అర్జీ దగ్గరుంది. కృష్ణగిరి కలెక్టరుకు తమిళంలో రాయాలి. అవతల డీసీ ఆఫీసుకు కన్నడంలో. హైవే వాళ్లకు ఇంగ్లీషులో. పెద్దాయన లారీవాణ్ణి తిట్టేది మాత్రం తెలుగులో! ముగ్గురిలో ఎవరినడిగినా ‘అది మా పరిధి కాదు’ అన్న మాటే వస్తుంది.

అందుకే బాట కంటే ముందు చిన్న పని ఒకటి అడుగుతున్నా. రెండు జిల్లాలూ కలిసి ఒక పనిదినం ఎంచుకుని, పొద్దున అయిదు నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు, జూజువాడి దగ్గర సైకిళ్లు లెక్కపెట్టించాలి. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, తలా ఒక నోటుబుక్కు. టీకొట్టు బెంచీ ఖాళీగానే ఉంటుంది.